పువ్వుకో పూట

మా అమ్మ డాబా మీద బ్రహ్మకమలం మొదటిసారి పూసిన రాత్రి నేను 116 ఫొటోలు తీశాను. లెక్క ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, మర్నాడు పొద్దున్నే వాటిలో 115 చెరిపేశాను. మిగిల్చిన ఆ ఒక్కటీ బాగుందని కాదు. అందులో హారతి పళ్ళెం పట్టుకున్న అమ్మ చెయ్యి పడింది, అందుకని ఉంచాను.

మాది కాకినాడ. ఎవరో ఇచ్చిన ఒక్క ఆకుని అమ్మ పాత పెయింటు బకెట్లో గుచ్చితే, మూడేళ్ళు ఊరికే ఆకులు వేసి, నాలుగో ఏడు వానాకాలంలో మొగ్గ తొడిగింది. ఈ మొగ్గ ముందు తలకిందులుగా వేలాడుతుంది. విచ్చుకునే రోజు దగ్గరపడేకొద్దీ కొక్కెంలా మెడ వంచి పైకి లేస్తుంది. అమ్మ రోజూ కాఫీ కూడా తాగకుండా డాబా ఎక్కి ఆ మెడ ఎంత లేచిందో చూసొచ్చేది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి మొగ్గ మూతి విడింది. పది దాటేసరికి అరచెయ్యి కంటే పెద్ద పువ్వు. మెట్లు ఎక్కుతుంటేనే వాసన. పక్కింటి పిన్నిగారు, వాళ్ళ కోడలు, ఎదురింటి మాస్టారు, ఆయన మనవడు అందరూ వచ్చారు. కర్పూరం వెలిగించారు, దండం పెట్టుకున్నారు, ఆ వెంటనే ఫోన్లు తీశారు. ఫ్లాష్ పడ్డప్పుడల్లా డాబా అంతా మెరిసి ఆరిపోయేది. ఆ మెరుపు తర్వాత కాసేపు ఎవరి కళ్ళకీ పువ్వు కనిపించేది కాదు. నేనూ తక్కువేం తినలేదు. కెమెరా నెత్తిన పెద్ద ఫ్లాష్ తగిలించి మరీ కొట్టాను.

పొద్దున్న కంప్యూటర్లో చూస్తే పువ్వు సున్నం కొట్టినట్టుంది. రేకు మీద రేకు ఉన్న సంగతే తెలియడం లేదు. లోపల సన్నటి కేసరాల గుంపు, వాటి మధ్య తెల్లటి నక్షత్రంలాంటి కొస, అంతా కలిసిపోయి ఒకే ముద్ద. వెనక తారు పోసినంత నలుపు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేంటే, పెళ్ళి మండపంలో కట్టే ప్లాస్టిక్ పువ్వులా ఉంది? మనింట్లో పూసిందేనా ఇది?" అంది.

పూల ఫొటోలు తీసేవాళ్ళ మధ్య ఈ గొడవ పాతదే. సహజ కాంతి నిజం, ఫ్లాష్ మోసం అని ఒక వర్గం. గాలికి ఊగే పువ్వు మీద సహజ కాంతితో నువ్వేం తీస్తావో తీయి చూద్దాం అని ఇంకో వర్గం. నేను చాలాకాలం మొదటి వర్గంలో ఉన్నాను. ఇప్పుడూ నూటికి తొంభై పూలు ఫ్లాష్ లేకుండానే తీస్తాను. కానీ ఆ నిజం, మోసం అనే మాటల మీద మాత్రం నమ్మకం పోయింది. ఫ్లాష్ మీద నా ఫిర్యాదు వేరే. అది పువ్వు దగ్గర నుంచి పూటని లాగేసుకుంటుంది.

మన పూలు వేళ చూసుకుని పూస్తాయి. తామర పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. కలువల్లో రాత్రి విచ్చి పొద్దెక్కాక కళ్ళు మూసే రకాలున్నాయి. మన కవులు తామరకి సూర్యుణ్ణీ కలువకి చంద్రుణ్ణీ కట్టబెట్టి వందల ఏళ్ళు పద్యాలు అల్లుకున్నారు, చంద్రుడికి కలువలరేడని పేరే పెట్టేశారు. చంద్రకాంతలు సాయంత్రం నాలుగు దాటితేగానీ విప్పారవు. మల్లెమొగ్గ దీపాలు పెట్టే వేళకి పగులుతుంది. పారిజాతం చీకటి పడ్డాక పూసి తెల్లారకముందే రాలిపోతుంది. అందుకే కింద పడ్డా ఏరుకుని దేవుడికి పెట్టే పువ్వు అదొక్కటే అంటారు మా అమ్మా వాళ్ళు. ఇన్ని వేళలున్న పూలన్నిటినీ ఒకే తెల్ల వెలుగులో, ఒకే నల్ల గోడ ముందు నిలబెట్టి తీస్తే, పాస్‌పోర్ట్ ఫొటోలకీ వాటికీ తేడా ఏముంది?

పారిజాతాన్నే తీసుకోండి. తెల్లవారుజామున అయిదున్నరకి చెట్టు కింద తడి మట్టి. పూలు చాలావరకు బోర్లా పడి ఉంటాయి, నారింజ కాడలు పైకి. అప్పటికి ఎండ ఉండదు, ఆకాశం నుంచి దిగే నీలి వెలుతురే. ఆ నీలిలో తెల్ల రేకులు కొంచెం చల్లగా, కాడ లోపల నిప్పు దాచుకున్నట్టు కనిపిస్తుంది. ఒక్కసారి ఫ్లాష్ కొట్టి చూడండి. రేకులు తెల్ల కాగితం ముక్కలైపోతాయి, కాడ మిఠాయి రంగులోకి దిగిపోతుంది, తడి మట్టి మీద చిన్న చిన్న మెరుపు చుక్కలు లేస్తాయి. పువ్వు అదే, ఆకారం అదే. తెల్లవారుజాము మాత్రం పోయింది.

ఇలా ఎందుకవుతుందో చెప్పే లెక్క చిన్నదే. చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు దూరం పెరిగేకొద్దీ ఆ దూరపు వర్గం లెక్కన పడిపోతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. ఫ్లాష్ పువ్వుకి అడుగు దూరంలో ఉండి, వెనక గోడ ఫ్లాష్‌కి పది అడుగుల దూరంలో ఉంటే, గోడకి అందేది పువ్వుకి అందిన దాంట్లో నూరో వంతు. ఫొటోగ్రాఫర్ల భాషలో ఆరున్నర స్టాపులకి పైనే, ఒక్కో స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు. పువ్వుకి సరిపోయేలా ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందనిచ్చే వెలుగు) పెడితే గోడ నలుపైపోవడం ఖాయం. అదే సూర్యుడైతే ఉన్నది దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల అవతల. ఆయనకి పువ్వూ, గోడా, గోడ మీద పిల్లీ అన్నీ ఒకే దూరం. అందుకే పగటి వెలుతురులో తీసిన పువ్వు వెనక ఒక ఇల్లు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది.

ఈ లెక్క తెలియక ముందు నేను దీని వల్ల లాభపడ్డాను కూడా. ఒకసారి పెరట్లో ఎర్ర ముద్దమందారాన్ని పట్టపగలు పదకొండు గంటలకి ఫ్లాష్‌తో కొట్టాను. షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే కంత) బాగా బిగించి. చుట్టూ ఎండ ఉన్నా వెనక నల్లగా వచ్చింది. ఒక ఊరి క్లబ్బు పోటీకి పంపితే రెండో బహుమతి. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం. పిన్నిగారు చూసి, "అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళావా ఒక్కదానివే? పురుగూ పుట్రా ఉంటాయి కదమ్మా" అన్నారు. నవ్వేశానుగానీ ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. మందారం పగటి పువ్వు. దాన్ని నేను అర్ధరాత్రిలోకి తోసేసి బహుమతి పుచ్చుకున్నాను.

ఇంకో నష్టం వెలుగు వచ్చే దిక్కులో ఉంది. పూరేకు పల్చటిది. వెనక నుంచి ఎండ పడితే నరాలన్నీ కనిపిస్తాయి, రేకు తనే వెలుగుతున్నట్టుంటుంది. రెక్క మందారం ఒకటి తీసుకుని పొద్దున్న ఏడింటికి సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూడండి, నా మాట నమ్మక్కర్లేదు. కెమెరా మీద ఉన్న ఫ్లాష్ ఎదర నుంచి కొడుతుంది కాబట్టి ఆ రేకు గోడకి అంటించిన కాగితంలా తయారవుతుంది. ఫోన్ సంగతి మరీ ఘోరం. దానిది ఫ్లాష్ అని పేరేగానీ చిన్న ఎల్ఈడీ దీపం, లెన్స్ పక్కనే అంగుళం దూరంలో ఉంటుంది. నీడ పడాలంటే వెలుగు పక్క నుంచి రావాలి కదా. అంత దగ్గర నుంచి వస్తే నీడలన్నీ పువ్వు వెనకే దాక్కుంటాయి. నీడ లేకపోతే రేకు ఎక్కడ వంగిందో కంటికి ఎలా తెలుస్తుంది?

అరకులో వలిసె పూల చేల ముందు సాయంత్రం ఆరింటికి ఫ్లాష్ వేసి చేను మొత్తాన్నీ ఫొటో తీసేవాళ్ళని చూశాను. ఆ దీపం నాలుగు మొక్కల వరకే అందుతుంది పాపం, మిగతా చేనుకి దాని సంగతే తెలియదు.

ఇంతవరకూ చదివి సహజ కాంతి వర్గం వాళ్ళు తలాడిస్తూ ఉంటారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది.

'ఫ్లాష్ వాడలేదు' అని ఫొటో కింద గర్వంగా రాసుకునే ఒక మిత్రుడితో కలిసి ఒకరోజు పూలు తీయడానికి వెళ్ళాను. సంచీలోంచి మొదట తీసింది, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిలకరించే సీసా. మిట్టమధ్యాహ్నం గులాబీ మీద మంచు కురిసింది. తర్వాత థర్మాకోల్ ముక్క ఒక పక్క, నల్ల గుడ్డ వెనక. ఆకు మీద దుమ్ము దులిపాడు, పురుగు తిన్న రేకు తుంచేశాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తీసిన ఆ గులాబీ ఫొటో చూస్తే పొద్దున్న ఆరు గంటలది అనిపిస్తుంది. నేను ఫ్లాష్‌తో మందారానికి చేసిందే ఆయన ఎండతో చేశాడు. పూట దొంగతనానికి ఫ్లాషే అక్కర్లేదన్నమాట.

పైగా సహజ కాంతి అనేది ఒకటి కాదు. ఈ సంగతి నాకు కడియంలో బాగా బోధపడింది. కడియపులంక, కడియం చుట్టుపక్కల రోడ్డు పొడుగునా నర్సరీలే కదా. అందులో ఒక చిన్నది మా బావది, అంటే మా మేనమామ కొడుకుది. బెంగళూరు నుంచి ఎవరో మందారాల రకాలన్నీ ఫొటోలు పంపమన్నారని, వాట్సాప్‌లో పెట్టడానికి తీసిపెట్టమన్నాడు. ఫ్లాష్ ఇంట్లోనే వదిలేసి, సహజ కాంతి పతాకం పట్టుకుని వెళ్ళాను. మొక్కలన్నీ పచ్చ షేడ్ నెట్ కింద ఉన్నాయి. ఎండ మెత్తగా దిగుతోంది, నీడలు గట్టిగా లేవు, ఇంకేం కావాలనుకుని ఇరవై రకాలు తీశాను. బావ ఫోన్లో చూసి, "ఏంటి మరదలా, మా మొక్కలకి కామెర్లొచ్చాయా?" అన్నాడు.

నిజంగానే తెల్ల మందారం పసుపుపచ్చగా ఉంది, గులాబీ రంగుది మట్టి రంగులోకి తిరిగింది. నెట్‌లోంచి దిగిన వెలుతురు అంతా ఆకుపచ్చ. నా కళ్ళు పది నిమిషాల్లో ఆ పచ్చకి అలవాటుపడిపోయాయి కాబట్టి నాకు తెల్లగానే కనిపించింది. కెమెరాకి ఆ మొహమాటం లేదు. సరే అని కుండీలు బయటికి మోయించి ఎండలో పెట్టాం. ఒంటిగంట. ఈసారి ఎర్ర మందారం మండిపోయింది. ఎరుపు పూలకి ఉన్న తిప్పలు ఇవే. కెమెరా ఎరుపు, పచ్చ, నీలం వేరువేరుగా కొలుస్తుంది. ఎర్ర మందారంలో ఎరుపు పాత్ర ఎప్పుడో నిండి పొర్లిపోయినా మిగతా రెండూ సగం ఖాళీగానే ఉంటాయి. మొత్తం కలిపి చూపించే మీటరు మాత్రం అంతా బాగుందనే చెప్తుంది. ఫొటోలో రేకు మీద గీతలూ ముడతలూ ఉండవు, ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టు ఉంటుంది. అందుకే ఎర్ర పూలకి ఎక్స్‌పోజర్ అర స్టాపు పైగా తగ్గించి తీయాలి. ఆ రోజు నేను తగ్గించలేదు.

ఆఖరికి బావ షాపులోంచి బటర్ పేపర్ తెప్పించాడు, అప్పు తెచ్చిన ఫ్లాష్ ముందు దాన్ని పెద్ద తెరలా కట్టాం. ఫ్లాష్ వెలుగు రంగు దాదాపు నడి పగటి ఎండ రంగే, వెలుగు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలో 5500 దగ్గర. మబ్బు పట్టినా, పొద్దు వాలినా అది మారదు. పొద్దు గూకేలోపు అరవై కుండీలు తీశాం, మొదటి పువ్వుకీ చివరి పువ్వుకీ రంగులో తేడా లేదు. అమ్ముకునే మొక్కకి పూట ఎందుకు? బెంగళూరులో ఉన్న మనిషికి కావాల్సింది ఏ రంగు మందారం వస్తుందన్నది. అక్కడ ఫ్లాష్ వాడకపోవడమే తప్పు. పొద్దున్న నేను పట్టుకెళ్ళిన పతాకాన్ని ఆ నర్సరీలోనే పాతేసి వచ్చాను అనుకోవచ్చు.

ఇంకో మాట. పగటి వెలుతురులో తీసినంత మాత్రాన రంగు నిజం అవుతుందన్న హామీ కూడా లేదు. ఫిల్ము రోజుల్లో కొన్ని నీలి పూలు ఫొటోలో గులాబీ రంగుకి తిరిగేవి. ఆ రేకులు మన కంటికి సరిగ్గా అందని గాఢమైన ఎరుపుని కూడా వెనక్కి పంపుతాయి. కన్ను దాన్ని పట్టించుకోదు, ఫిల్ము రాసేసుకుంటుంది. అజరేటం అనే నీలి పువ్వు పేరు మీద దానికి అజరేటం ఎఫెక్ట్ అని పేరు కూడా పెట్టారు. ఇప్పటి ఫోన్లలోనూ మా శంఖపుష్పం ఒక్కోసారి వంకాయ రంగులోకి జారిపోతూ ఉంటుంది.

పేరున్న ఫొటోగ్రాఫర్ల పనులు చూసినా నా పూట సిద్ధాంతానికి చిక్కులే ఎదురవుతాయి. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే బొమ్మల మాస్టారు ముప్ఫై ఏళ్ళకి పైగా మొగ్గల్నీ తీగల్నీ సొంతంగా కట్టుకున్న కెమెరాతో, పగటి వెలుతురులోనే తీశాడు. వెనక సాదా అట్ట. శిష్యులకి ఆకారాలు చూపించడం ఆయన పని. ఆ ఫొటోల్లో పూట లేదు, వేళ లేదు, అయినా వాటి ముందు నోరు మెదపలేం. ఫెర్న్ చిగురు అక్కడ ఇనప గేటు మీది నగిషీలా ఉంటుంది. అమెరికాలో ఇమోజెన్ కనింగ్‌హమ్‌ది ఇంకో కథ. ముగ్గురు చిన్న పిల్లలతో ఇల్లు కదలలేక, పెరట్లో మొక్కల్నే తీసుకుంది. 1925లో తీసిన మాగ్నోలియా పువ్వులో కేసరాల బుడిపె చుట్టూ రేకులు పక్క దుప్పటి మడతల్లా ఉంటాయి. ఇంటి పనుల మధ్య, వెలుతురు బాగున్న ఆ కాసేపట్లో పరిగెత్తుకొచ్చి తీసిన మనిషి కనిపిస్తుంది నాకు అందులో. బ్లాస్‌ఫెల్ట్‌ని గౌరవిస్తాను. గోడకి తగిలించుకోమంటే మాత్రం కనింగ్‌హమ్‌నే తగిలించుకుంటాను.

నా వాదానికి గట్టి దెబ్బ కొట్టింది మాత్రం మా ఆఫీసులో ఒకాయన. ఆయనకి పురుగుల పిచ్చి. ఆదివారం వస్తే పొలాల గట్ల మీదే ఉంటాడు. "మీరు చెప్పిన పూట తర్వాత చూద్దాం మేడమ్, ముందు గాలి లేని పూట ఒకటి చెప్పండి" అంటాడు. ఆయన లెక్క ఇదీ. పువ్వుని ఉన్నంత సైజులో సెన్సర్ మీద పడేలా మాక్రో లెన్స్‌తో తీస్తే, అపర్చర్ ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు పైచిలుకు. అంత దగ్గరికి వెళ్ళేసరికి లెన్స్ కూడా రెండు స్టాపుల వెలుగు మింగేస్తుంది. చెట్టు నీడలో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే చురుకు) 400 పెడితే షట్టర్ 1/30 దగ్గర ఆగుతుంది. ఆ ముప్ఫయ్యో వంతు సెకనులో కాకినాడ గాలికి కాడ మిల్లీమీటరు కదలదని ఎవరు పూచీ? చీపురుపుల్ల పాతి దారంతో కాడ కట్టొచ్చు, నేను చేసేది అదే. తుమ్మెదని కట్టలేం కదా.

ఆయన తీసిన ఒక ఫొటో చూపించాడు. వంకాయ పువ్వు. దాని పుప్పొడి పసుపు గొట్టాల్లాంటి కేసరాల్లో బిగించి ఉంటుంది, కొసన చిన్న రంధ్రాలు. తేనెటీగ వచ్చి తడిమినా రాలదు. నల్ల తుమ్మెద వచ్చి ఆ గొట్టాల్ని కాళ్ళతో కావలించుకుని, రెక్కలు ముడిచి, ఒంట్లోని కండరాలతో జుయ్యిమని కంపిస్తే ఉప్పు డబ్బా దులిపినట్టు రాలుతుంది. ఆయన ఫ్లాష్ బాగా తగ్గించి పెట్టాడు. అలా పెడితే మెరుపు సెకనులో పదివేలో వంతు వరకూ కుదించుకుపోతుంది. ఫొటోలో తుమ్మెద పొట్ట కింద పసుపు రేణువులు గాలిలో విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఏ ఎండలోనూ, ఏ కంటితోనూ చూడలేని సంగతి. అక్కడ పూట ఎక్కడుందని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన పట్టుకున్నది వేరే కాలం, పూట కంటే చాలా చిన్నది, దాన్ని చూపించడానికి ఫ్లాష్ తప్ప వేరే దారి లేదు. ఆ ఫొటో విషయంలో ఓడిపోయానని ఒప్పుకున్నాను. ఆయన ఫ్లాష్‌తో తీసిన బంతిపూల విషయంలో మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.

ఫ్లాష్ ఉన్నా పూట పోకుండా తీయొచ్చని నేను నేర్చుకుంది హన్మకొండలో. ఉద్యోగం కోసం నాలుగేళ్ళు అక్కడ ఉన్నాను. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గరికి జనం చేరేసరికి పొద్దు గూకుతుంది. తంగేడుకి రాష్ట్ర పుష్పం హోదా 2014లో వచ్చిందిగానీ, ఆ పళ్ళేల్లో దాని చోటు ఎప్పుడూ ఖాయమే. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ, వరస మీద వరస. గునుగు కంకి దగ్గరగా చూస్తే తెల్ల పట్టుదారంతో అల్లినట్టుంటుంది, కొసన లేత గులాబీ. మొదటి ఏడు ఫ్లాష్ ఎదర నుంచి కొడితే ఆ పట్టు మెరుపంతా తగరం కాగితంలా వచ్చింది, ఆకాశం నలుపైపోయింది, ఆడుతున్న ఆడవాళ్ళ ముఖాలు తెల్లబోయాయి.

మరుసటేడు ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి తీసేసి పక్కింటి అమ్మాయి చేతికిచ్చి పక్కగా పట్టుకోమన్నాను. దాని బలం పూర్తి బలంలో 1/64 వంతుకి తగ్గించాను. స్టేజీ లైట్లవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన నారింజ జిలాటిన్ కాగితం దానికి చుట్టాను, దీపం వెలుగు రంగు రావాలని. షట్టర్ 1/15. ఆకాశంలో మిగిలిన ఇంకు నీలం మొత్తం దిగింది. గునుగు మీద ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. వెనక కదులుతున్న చీరకుచ్చెళ్ళు కొంచెం అలికినట్టు వచ్చాయి, ఆట కదా, అలాగే ఉండాలి. ఫ్లాష్ వాడానని ఎవరూ పోల్చలేదు. ఆకాశం ఎంత వెలుగు ఇస్తోందో ముందు కొలుచుకుని, ఫ్లాష్‌ని దానికంటే ఒక మెట్టు కిందే నిలబెట్టాలని అప్పట్నుంచి నా లెక్క.

ఇలా లెక్కలు కుదుర్చుకుని కూర్చున్నాక నైట్ మోడ్ వచ్చిపడింది. కొత్త ఫోన్లు చీకట్లో వరసగా చాలా ఫొటోలు తీసి కలిపేసి ఒకటి చేస్తాయి. ఫ్లాష్ అక్కర్లేదు. రెండో ఏడు బ్రహ్మకమలం పూసినప్పుడు పిన్నిగారి కోడలు ఇలాగే తీసింది. పువ్వులో ప్రతి రేకూ ఉంది, గోడ ఉంది, నీళ్ళ ట్యాంకు మీద కంపెనీ పేరు కూడా చదవొచ్చు. ఆకాశం మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంది. చుక్క ఫ్లాష్ పడలేదు, అంతా ఉన్న వెలుతురే. అయినా రాత్రి పోయింది. సహజ కాంతి వాదులు దీన్ని ఏ గాటన కడతారో నాకు అడగాలని ఉంది. నా వరకు అది, సీసాతో గులాబీ మీద మంచు చల్లిన మిత్రుడి పక్కన కూర్చుంటుంది.

ఆ రాత్రి నేను మాత్రం జనం దిగిపోయేదాకా కెమెరా బయటికి తీయలేదు. పదకొండున్నర అయ్యింది. మెట్ల గది తలుపు తీసి లోపలి ట్యూబ్‌లైట్ వేశాను. నాలుగు మీటర్ల దూరం నుంచి ఆ వెలుగు పువ్వు వెనక పక్క నుంచి తగులుతోంది, రేకుల అంచులు వెలిగాయి. ఎదర పక్క మాత్రం మరీ చీకటి. థర్మాకోల్ కోసం వెతుకుతుంటే అమ్మ కిందికి వెళ్ళి వడియాలు ఎండబెట్టే పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చింది. "ఇది పట్టుకుంటే ఏమన్నా వస్తుందేమో చూడవే" అంటూ పువ్వుకి ఇటు పక్కన వంచి పట్టుకుంది. పళ్ళెంలోంచి మెత్తటి వెలుగు ఒకటి జారి పువ్వు గుండెలోకి పడింది. కేసరాలు ఒక్కొక్కటీ లేచాయి, మధ్యలో నక్షత్రం తేలింది. చెయ్యి అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఆ వెలుగు పువ్వు లోపల తిరుగుతోంది. "అక్కడే, అక్కడే ఉంచు" అని అరిచాను. "అరవకే, వీధంతా పడుకుంది" అంది.

ట్రైపాడ్, ఎఫ్ 8, ఐఎస్ఓ 800, రెండు సెకన్లు. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. కాడని చీపురుపుల్లకి కట్టినా రేకుల కొసలు ఆడుతూనే ఉన్నాయి. గాలి ఆగినప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగపట్టి, రెండు సెకన్లు అయ్యాక వదిలేవాళ్ళం. పదకొండు ఫొటోలు తీశాక అమ్మ చేతులు లాగేస్తున్నాయంది. పన్నెండోది తీశాం.

ఆ పన్నెండోదే ఉంచాను. పోటీకి పనికిరాదు. కుడి పక్క రేకు ఒకటి కొంచెం అలికింది, చీకటి భాగాల్లో సన్నటి ఇసక చల్లినట్టుంది, కింద మూలన పళ్ళెం అంచు కనిపిస్తుంది. అమ్మ చూసి ప్లాస్టిక్ మాట ఎత్తలేదు. కాసేపు చూసి, "ఆ రోజు ఉక్క కూడా బాగా పోసింది కదా" అంది. అది ఫొటోలో ఎక్కడుందో నాకూ తెలియదు. మర్నాటికి వాట్సాప్‌లో తన డీపీ మారిపోయింది.

ఈ ఏడు మొగ్గలు మూడున్నాయి. నిన్న పొద్దున్న ఫోన్ చేసి ఒకటి మెడ ఎత్తిందని చెప్పింది. శుక్రవారానికి విచ్చుకోవచ్చు, సెలవు పెట్టి రమ్మంది. ఫ్లాష్ తెస్తున్నావా అని అడిగింది, తేవట్లేదన్నాను. "అయితే పళ్ళెం తోమి పెడతాను, పోయినసారి దాని మీద వడియాల మరక ఉండిపోయింది" అంది.